‘మీరు ఎన్ని గంటలు నడిపారు?’ అన్న ప్రశ్నతో వాదన ముగిసిపోవాలా?

సందేహాలరావు
మరో చర్చలో జరిగిన వాదన నాకు ఇంకా మింగుడుపడలేదు, అందుకే దీన్ని విడిగా ఎత్తుతున్నాను. ఎదురుగాలిలో ఎగురుతున్న విమానం మలుపు తిరిగి గాలివాలున పడినప్పుడు దాని గాలివేగం, అంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం, తగ్గిపోతుందా అన్నది అక్కడి ప్రశ్న. స్థిరంగా వీచే గాలిలో అలా జరగడానికి కారణమే లేదని ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు నాలుగు వాక్యాల్లో చెప్పారు. దానికి ఒక పైలట్ ఇచ్చిన జవాబు ఒక్కటే: “మీరు ఎన్ని గంటలు విమానం నడిపారు?” ఆ తర్వాత అధ్యాపకుడు మళ్లీ కనిపించలేదు. నేను విమానం నడిపినవాణ్ని కాదు, ఏరోడైనమిక్స్ చదివినవాణ్ని కూడా కాదు. టికెట్టు కొని కూర్చునేవాణ్ని మాత్రమే. ఎగరడం గురించి పైలట్ ఒకటి, పండితుడు మరొకటి చెప్పినప్పుడు నాబోటివాడు ఎవరి మాట నమ్మాలి? వేల గంటల అనుభవం ఒక వాదనకు రుజువు అవుతుందా?

ఎడమసీటు
ఆ జవాబు ఇచ్చింది నేను కాదని ముందే చెబుతున్నాను, అయితే ఇవ్వాలనిపించిన సందర్భాలు నాకూ ఉన్నాయి. మా విద్యలో చాలా భాగం మాటల్లోకి రాదు. 1989 జూలై 19న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజిను పగిలి, విమానాన్ని తిప్పే పలకలను కదిలించే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఒకేసారి పోయాయి. మూడూ కలిసి పోవడం దాదాపు అసంభవమని రూపకర్తలు లెక్క వేసుకున్నారు కాబట్టి, అలా జరిగితే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాసిలేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా కూర్చున్న శిక్షక పైలట్ డెన్నిస్ ఫిచ్ సాయంతో, మిగిలిన రెండు ఇంజిన్ల శక్తిని ఒకదాన్ని పెంచుతూ ఒకదాన్ని తగ్గిస్తూ ఆ డీసీ-10ను సూ సిటీ రన్‌వే దాకా తీసుకువచ్చింది. నేలను తాకినప్పుడు విమానం ముక్కలైంది, 112 మంది చనిపోయారు, కానీ 184 మంది బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో అదే పరిస్థితిని కల్పించి చూస్తే, అలా దించడాన్ని శిక్షణగా నేర్పడం సాధ్యం కాదని తేలింది. అసంభవమని లెక్క వేసినవారు ఒకవైపు, ఆ అసంభవంలో కూర్చుని విమానాన్ని తిప్పినవారు ఒకవైపు ఉన్నప్పుడు నేను ఎవరివైపు మొగ్గుతానో మీరే ఊహించుకోండి.

కిటికీసీటు
నేను మాత్రం ఎప్పుడూ రెక్క పక్కన కూర్చుని, అది ఊగుతోందా లేదా అని కాపలా కాస్తుంటాను. నా అనుభవాన్ని కూడా గంటల్లో లెక్క వేయవలసిందిగా సభవారిని కోరుతున్నాను.

ద్రవగతి
కిటికీసీటు గారూ, రెక్క ఊగకపోతేనే భయపడండి, అది ఊగేలాగే కట్టారు.

ఎడమసీటు గారు చెప్పింది గొప్ప నైపుణ్యం గురించి, దాన్ని తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఏళ్ల తరబడి విమాన స్థిరత్వం గురించి తరగతిలో పాఠం చెప్పిన నేను, మొదటిసారి సిమ్యులేటర్‌లో కూర్చున్నప్పుడు మూడుసార్లు దించబోయి మూడుసార్లూ కూల్చాను. బోర్డు మీద సమీకరణం రాయగలిగిన చేతికి కంట్రోల్ యోక్ ఎంత లాగాలో తెలియలేదు. అయితే ‘చేయగలగడం’ వేరు, ‘ఎందుకు జరుగుతోందో తెలియడం’ వేరు. విమానం ఎలా లేస్తుందని పైలట్లను అడిగి చూడండి. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైనుంచి పోయే గాలికి దారి ఎక్కువ, కింది గాలితో పాటే అది వెనక అంచుకు చేరుకోవాలి కనుక వేగంగా పోతుంది, అందువల్ల పైన పీడనం తగ్గుతుందని ఎందరో చెబుతారు. ఆ రెండు గాలులూ ఒకే సమయానికి చేరుకోవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. కొలిచి చూస్తే పైగాలి ముందుగానే చేరిపోతుంది. ఆ వివరణే నిజమైతే రెండువైపులా ఒకే వంపు ఉన్న రెక్కతో విమానం ఎగరకూడదు, తలకిందులుగా అసలే ఎగరకూడదు. విన్యాసాల పైలట్లు ఆ రెండు పనులూ చేస్తూనే, నేల మీదికి వచ్చాక అదే వివరణ ఇస్తుంటారు.

ఎడమసీటు
తప్పు ఒప్పుకుంటున్నాను. మాకు అలాగే నేర్పారు, నేనూ కొందరికి అలాగే నేర్పాను. కానీ ఆ తప్పు వివరణ వల్ల ఏ విమానమూ కూలలేదు. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం ఒక హద్దు దాటితే స్టాల్ అవుతుందని, అంటే రెక్క విమానాన్ని మోయలేకపోతుందని, అప్పుడు ముక్కు దించాలని నాకు తెలుసు. నా పనికి అది చాలు. ఈతగాడికి నీటి సాంద్రత తెలియకపోతే మునిగిపోతాడా?

నట్టుబోల్టు
వివరణ తప్పయినా నష్టం లేదన్న మాటతో ఏకీభవించలేను. నేను విమానాల నిర్వహణలో పనిచేసేవాణ్ని, నా దృష్టి ఎప్పుడూ ఏ భాగం ఎంత బలానికి విరుగుతుందన్న దానిమీదే ఉంటుంది.

2001 నవంబరు 12న న్యూయార్క్ నుంచి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587ను గుర్తు చేసుకోండి. ముందు వెళ్లిన 747 వెనక మిగిలిన గాలిసుడిలో ఆ ఎయిర్‌బస్ ఎ300 చిక్కుకుంది. ఆ కుదుపు దానికదిగా విమానాన్ని కూల్చేంతది కాదు. నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్ రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడళ్లను ఒకసారి ఇటు, వెంటనే అటు, మళ్లీ ఇటు బలంగా తొక్కుతూ పోయాడు. కొన్ని సెకన్లలోనే నిలువు తోక మొత్తం ఊడిపోయింది. విమానంలో ఉన్న 260 మంది, నేలమీద ఉన్న ఐదుగురు చనిపోయారు.

అతను చేతకానివాడు కాదు. మాన్యువరింగ్ స్పీడ్ అనే ఒక వేగానికి లోబడి ఉన్నంతకాలం కంట్రోళ్లను ఎంత తొక్కినా, ఎంత లాగినా విమానం విరగదని అప్పట్లో పైలట్లలో చాలామంది నమ్మేవారు. ఆ హామీకి ఉన్న హద్దు నిర్మాణ ఇంజినీర్లకు తెలుసు: ఒక్కసారి, ఒక్క వైపుకు తొక్కితే తట్టుకుంటుందన్నదే లెక్క. ఎదురెదురు దిశల్లో వెంటవెంటనే తొక్కడం ఆ లెక్కలోకి రాదు. 2004లో వచ్చిన పరిశోధన నివేదిక పైలట్ చర్యతో పాటు ఆ విమానపు రడ్డర్ అమరికను, అతనికి అందిన శిక్షణలోని కొన్ని అంశాలను కూడా తప్పుపట్టింది.

ఇక్కడ గంటల లెక్క ఏం చేస్తుందో చూడండి. పది వేల గంటలు నడిపినా ఆ నమ్మకం తప్పని పైలట్‌కు తెలిసే వీలు లేదు, ఎందుకంటే మామూలుగా ఎగిరేటప్పుడు ఎవరూ రడ్డర్‌ను అలా తొక్కరు. తప్పని తెలిసే రోజున చెప్పడానికి మనిషి మిగలడు.

ఎడమసీటు
ఆ ప్రమాదం నాకు తెలుసు, దాన్ని తీసుకురావడం న్యాయమే. అయితే మీరు సగం దగ్గర ఆపేశారు. హద్దు ఇంజినీర్లకు తెలిస్తే మాకు ఎందుకు చెప్పలేదు? వారికి తెలిసింది ధ్రువీకరణ నిబంధనల భాషలో, మేము చదవని కాగితాల్లో ఉండిపోయింది. బోయింగ్ 737 మాక్స్ విషయం ఇంకా ఘోరం. ముక్కును తనంతట తానే కిందికి దించే ఎంక్యాస్ అనే వ్యవస్థ ఉన్నట్టు అప్పటి పైలట్ల మాన్యువల్‌లో లేదు. 2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ విమానం 189 మందితో సముద్రంలో కూలిన తర్వాతే ఆ పేరు చాలామంది పైలట్లు విన్నారు. విన్నాక కూడా 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానంలో 157 మంది పోయారు. నిపుణుడికి మాత్రమే తెలిసిన సంగతి ఆ క్షణంలో కాక్‌పిట్‌లో ఎవరికి ఉపయోగం?

నట్టుబోల్టు
అందులో మీతో వాదన లేదు. మాకు కూడా అన్నీ చెప్పరు. అన్నట్టు, మీవాళ్లు లాగ్‌బుక్‌లో “ఏదో చప్పుడు వస్తోంది” అని రాసి వెళ్లిపోతే మేము ఏ జ్ఞానంతో వెతకాలో కూడా ఒకసారి చెప్పండి.

ఎడమసీటు
అది ‘మాటల్లోకి రాని జ్ఞానం’ కింద లెక్క వేసుకోండి.

మనోగతి
పండితులు అనగానే అందరూ ఏరోడైనమిక్స్ దగ్గరే ఆగిపోతున్నారు. నేను చదివింది మానవ కారకాల శాస్త్రం, అంటే మనిషికీ యంత్రానికీ మధ్య జరిగే తప్పుల చదువు. పైలట్లకు తమ సొంత పని గురించే కనబడని సంగతి బయటివాడికి కనబడిన ఉదాహరణ మా రంగానికి మూలకథ వంటిది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బీ-17 బాంబర్లను క్షేమంగా దించిన పైలట్లు, నేలమీద పరుగెడుతుండగా ఫ్లాప్‌లకు (రెక్క వెనక అంచున దిగే పలకలకు) బదులు చక్రాలను లోపలికి ముడుస్తుండేవారు. అందరూ దాన్ని పైలట్ పొరపాటు అన్నారు, పైలట్లు కూడా తమనే తిట్టుకున్నారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌ను పరిశీలించి, ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయని గుర్తించాడు. చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి, ఫ్లాప్‌ల మీటకు రెక్క ఆకారపు పిడి తగిలిస్తే ఆ తికమక ఆగింది. ఎడమసీటు గారూ, ఈరోజుకీ మీ గేర్ మీట, అదే చక్రాల మీట చివర చిన్న చక్రం ఎందుకు ఉందో ఆలోచించారా? అలవాటైన చేతికి అలవాటే కనబడదు.

అలాగని గంటలకు విలువ లేదనడం కూడా పొరపాటే. అనుభవజ్ఞుల అంతర్బుద్ధిని అనుమానించే డేనియల్ కానమన్, దాన్ని గౌరవించే గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు. పరిసరాల్లో ఒక క్రమం ఉండాలి, చేసినదాని ఫలితం త్వరగా తెలియాలి. ఈ రెండూ ఉన్నచోటే అనుభవం మంచి గురువు అవుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. విమానం దించడానికి అది సరిగ్గా వర్తిస్తుంది: ముక్కు ఒక డిగ్రీ ఎక్కువ ఎత్తితే ఏమవుతుందో రెండు సెకన్లలో తెలిసిపోతుంది, అది వేలసార్లు జరుగుతుంది. తోక ఎంత బలానికి విరుగుతుందన్నది మాత్రం అలా తెలియదు. నట్టుబోల్టు గారు చెప్పినదానికి మూలం ఇదే. ఒకే మనిషిలో ఒక విషయంలో అనుభవం వజ్రంలా ఉంటుంది, పక్క విషయంలో గాలిమాటగా ఉంటుంది. రెండూ లోపలినుంచి మాత్రం ఒకేలా అనిపిస్తాయి.

గ్లైడర్‌పిట్ట
‘లోపలినుంచి ఒకేలా అనిపిస్తాయి’ అన్న వాక్యం నా మొదటి నెల శిక్షణను గుర్తు చేసింది. అసలు ప్రశ్న గాలివాలు మలుపు గురించి కదా, దాన్ని అందరూ వదిలేశారు కాబట్టి చెబుతాను.

గాలి బాగా వీస్తున్న రోజున తక్కువ ఎత్తులో ఎదురుగాలి నుంచి గాలివాలుకు తిరుగుతున్నాను. తిరిగేకొద్దీ కింద నేల ఒక్కసారిగా పరుగులంకించుకుంది. వేగం మితిమీరిపోతోందని నాకు అనిపించి, ఆలోచించకుండానే ముక్కు లేచి వేగం తగ్గేలా స్టిక్ వెనక్కి లాగాను. వెనక సీటులోని శిక్షకుడు నా చేతిమీదుగా స్టిక్‌ను ముందుకు తోసి, “నేలను కాదు, వేగసూచికను చూడు” అన్నాడు. చూస్తే గాలివేగం తగ్గిపోయి ఉంది. గాలివాలుకు తిరిగితే వేగం పడిపోతుందని ఆ రోజు నేను ఒట్టు వేసి చెప్పి ఉండేదాన్ని, ఎందుకంటే నా కళ్లతో చూశాను. కానీ దాన్ని తగ్గించింది గాలి కాదు, నా చెయ్యి.

అధ్యాపకుడు చెప్పింది అక్షరాలా నిజం: స్థిరంగా కదిలే గాలిలో ఉన్న విమానానికి నేల ఎటు పోతోందో తెలియదు. పైలట్ చెప్పింది కూడా ఉత్తమాట కాదు, ఆ మలుపుల్లో నిజంగానే మనుషులు చనిపోయారు. అయితే కారణం కంటికి కలిగే భ్రమ, దానికి చెయ్యి ఇచ్చే జవాబు. ఇంకొకటి కూడా ఉంది: నేలకు దగ్గరగా గాలి స్థిరంగా ఉండదు, ఎత్తు పెరిగేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. గాలివాలున పైకెక్కుతున్నా, ఎదురుగాలిలో కిందికి దిగుతున్నా ఆ తేడా గాలివేగంలోంచి నిజంగానే కొంత మింగేస్తుంది. అధ్యాపకుడి నాలుగు వాక్యాల్లో ‘స్థిరంగా’ అన్న ఒక్క మాట కింద ఇదంతా దాగి ఉంది.

ద్రవగతి
‘స్థిరంగా’ అన్న మాటను మేము శ్వాసలా వాడేస్తాం, అవతలివారికి అది వినబడదన్నది నిజమే. ఈ విమర్శను స్వీకరిస్తున్నాను.

పాతకాగితాలు
గ్లైడర్‌పిట్ట గారు చెప్పిన తగాదా వందేళ్ల నాటిది. జేమ్స్ డూలిటిల్ అమెరికా సైన్యంలో పేరుమోసిన పైలట్. అతను 1925లో ఎంఐటీ అనే అమెరికన్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందాడు. పరిశోధన విషయం, ఎత్తునుబట్టి గాలి వీచే వేగం మారడం విమానం పనితీరుమీద చూపే ప్రభావం. అంటే పైలట్లు కొట్టుకునే ప్రశ్నను పట్టుకుని ఒక పైలటే విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. తర్వాత 1929 సెప్టెంబరు 24న కాక్‌పిట్‌కు ముసుగు వేసుకుని, బయట ఏమీ చూడకుండా పరికరాల ఆధారంతోనే విమానాన్ని లేపి, తిప్పి, దించినది కూడా ఇతనే. శరీరానికి తోచినదాన్ని పక్కన పెట్టి ముల్లు చెప్పినదాన్ని నమ్మడం అప్పటి పైలట్లలో చాలామందికి అవమానంగా ఉండేది.

దీనికి ఎదురు దిశలో ప్రయాణించిన మనిషి ఫ్రెడరిక్ లిండెమన్. స్పిన్‌లో పడితే చావే అనుకునే రోజుల్లో, 1912 ఆగస్టు 25న విల్‌ఫ్రెడ్ పార్క్ అనే బ్రిటిష్ నౌకాదళ పైలట్ తన విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతుండగా, స్టిక్ వెనక్కి లాగి చూసి లాభం లేక, చివరి ప్రయత్నంగా తిరుగుతున్న దిశకు ఎదురుగా రడ్డర్ తొక్కాడు. విమానం నేలకు కాస్త ఎత్తులో తేరుకుంది. ఏం చేశాడో అతనికి తెలుసు, అది ఎందుకు పనిచేసిందో తెలియదు. భౌతికశాస్త్రజ్ఞుడైన లిండెమన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో తానే విమానం నడపడం నేర్చుకుని, కావాలని స్పిన్‌లో పడి, పడుతూ పరికరాల కొలతలు చదివి గుర్తుపెట్టుకుని, కిందికి వచ్చి లెక్క కట్టాడు. ‘ఎన్ని గంటలు నడిపారు’ అని అతన్ని అడిగితే చాలా తక్కువ అనే చెప్పేవాడు.

కిటికీసీటు
పైలట్లు, పండితులు ఒకరినొకరు మెచ్చుకునే దశకు వచ్చారు, సంతోషం. శీర్షికలో లేకపోయినా ప్రశ్నలో మేమూ ఉన్నాం. మామూలు మనిషికి తెలిసేది ఏమీ లేదా?

మనోగతి
ఉంది, దానికి దుఃఖకరమైన ఉదాహరణ కూడా ఉంది. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన బోయింగ్ 737-400లో ఎడమ ఇంజినులో ఫ్యాన్ రెక్క విరిగింది. పైలట్లు కుడి ఇంజినును ఆపేశారు. పొగ వాసన రాగానే వారు కుడి ఇంజినును అనుమానించడానికి ఒక కారణం, పాత 737లలో క్యాబిన్‌లోకి గాలి ప్రధానంగా ఆ వైపునుంచి వస్తుందన్న జ్ఞానం. కొత్త రకంలో ఆ అమరిక మారింది. కుడి ఇంజినును తగ్గించగానే కుదుపు కూడా యాదృచ్ఛికంగా తగ్గింది కాబట్టి అనుమానం రూఢి అయినట్టు తోచింది.

ఎడమ ఇంజిను నుంచి నిప్పు రావడం వెనక కూర్చున్న కొందరు ప్రయాణికులు కళ్లారా చూశారు. కుడి ఇంజినులో లోపం వచ్చిందని కెప్టెన్ ప్రకటించినప్పుడు వారికి తికమక కలిగింది, కానీ ఎవరూ ముందుకు కబురు పంపలేదు. కెప్టెన్‌కు తెలిసే ఉంటుందని అనుకున్నారు. 126 మందిలో 47 మంది చనిపోయారు. ఆ కొన్ని నిమిషాలు విమానంలో సరైన సమాచారం ఉన్నది కాక్‌పిట్‌లో కాదు, వెనక ఉన్నవారి దగ్గర.

కిటికీసీటు
నవ్వుతూ అడిగాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఎడమసీటు
కెగ్‌వర్త్ మా శిక్షణలో తప్పనిసరిగా వస్తుంది, క్యాబిన్ సిబ్బంది ఏం చూసినా మాకు చెప్పాలని వారికి నేర్పుతాం. అయినా ఒక తేడా గమనించండి. ప్రయాణికుడు చూసినది విలువైనది, ప్రయాణికుడు తేల్చినది సాధారణంగా కాదు. మెత్తగా దించితే చప్పట్లు కొడతారు, గట్టిగా తగిలితే పైలట్ పనికిరాడంటారు. తడి రన్‌వే మీద మేము కావాలనే కాస్త గట్టిగా దించుతాం, లేకపోతే చక్రాలు నీటి పొరమీద జారుతూ పోతాయి, బ్రేకు పట్టదు. మెత్తదనం కోసం గాలిలో తేలుతూ పోతే రన్‌వే వెనకబడిపోతుంది. అలాగే కుదుపుల్లో విమానం వేల అడుగులు పడిపోయిందని చెబుతుంటారు. ఎత్తుసూచికలో సాధారణంగా కొన్ని పదుల అడుగుల తేడా కూడా ఉండదు.

తోకచుక్క
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, ఒక్కటి అడుగుతాను. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో కూలింది. వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పట్టి, ఆటోపైలట్ వదిలేసింది. ఆ తర్వాత నాలుగున్నర నిమిషాల లోపే స్టాల్‌లో ఉన్న విమానం సముద్రాన్ని తాకింది, 228 మంది పోయారు. స్టాల్ అయితే ముక్కు దించాలన్నది ఎడమసీటు గారు పైన ఒక్క వాక్యంలో చెప్పారు. పండితుడికి తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. ఆ కాక్‌పిట్‌లోని వారికి తెలియదా?

ఎడమసీటు
తెలుసు. దానిమీద పరీక్ష రాసి ఉంటారు, శిక్షణలో చేసి ఉంటారు. అయితే ఆ శిక్షణ అప్పట్లో ఎక్కువగా తక్కువ ఎత్తులో, స్టాల్ దగ్గరపడుతోందని హెచ్చరిక రాగానే తేరుకునేలా ఉండేది. ఎత్తైన ఆకాశంలో, చీకట్లో, వేగసూచికలు అబద్ధం చెబుతుండగా పూర్తిస్థాయి స్టాల్‌లో పడటం వేరు. పైగా వేగం మరీ తగ్గినప్పుడు కొలతలు చెల్లనివిగా భావించి స్టాల్ హెచ్చరిక ఆగిపోయేది. ముక్కు దించితే వేగం తిరిగి కొలతకు అంది, హెచ్చరిక మళ్లీ మోగేది. సరైన పని చేస్తే యంత్రం అరుస్తుంది, తప్పు పని చేస్తే ఊరుకుంటుంది. ఈ ఒక్క విషయంలో నేను ఏ పైలట్‌నూ తేలిగ్గా తప్పుపట్టలేను, మీరు అడిగిన ప్రశ్నకు సుఖమైన జవాబు కూడా ఇవ్వలేను.

సందేహాలరావు
నేను ఎవరి మాట నమ్మాలని అడిగితే మీరంతా కలిసి నా ప్రశ్ననే మార్చేశారు. గాలివాలు మలుపు గురించి అధ్యాపకుడి సూత్రం, గ్లైడర్‌పిట్ట గారి చెయ్యి, రెండూ పట్టుకుంటున్నాను. పాత చర్చలో ఆ పైలట్ గారికి వేగసూచికను చూశారా, నేలను చూశారా అని అడిగి వచ్చాను, ఇంకా జవాబు రాలేదు.

గ్లైడర్‌పిట్ట
ఎన్ని గంటలు నడిపారని మిమ్మల్నీ అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

ద్రవగతి
ఎడమసీటు గారూ, చివరిగా ఒక కుతూహలం. రెక్క పైగాలి, కింది గాలి ఒకే సమయానికి చేరుతాయన్న వివరణ మీ లైసెన్సు పరీక్షలో సమాధానాల్లో ఒకటిగా వచ్చి ఉంటే ఏం చేసేవారు?

ఎడమసీటు
వచ్చింది, అదే గుర్తు పెట్టాను, మార్కు కూడా వచ్చింది. ఇప్పుడు వచ్చినా అదే గుర్తు పెడతాను, లైసెన్సు మీరు ఇవ్వరు కదా.